రాచపుండు – రక్షణ కణాలు

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని తెలుగు సామెత. రాచపుండు అటువంటి ఇంటిదొంగయే. కలరా, క్షయ వంటి వ్యాధులు వెలుపలినుండి వచ్చిన సూక్ష్మజీవుల వలన కలుగుతాయి. రాచపుండు కణం మాత్రం మన శరీరంలోనే పుట్టి, అదుపు తప్పి పెరిగిన మన కణమే. అందువలన దానిని శత్రువుగా గుర్తించటం శరీర రక్షణ వ్యవస్థకు కష్టం. అయినను ఆ గుర్తింపు బొత్తిగా అసాధ్యం కాదని నిరూపించిన ఒక పరిశోధనను గూర్చి ఇక్కడ సంగ్రహంగా వివరింపదలచినాము.

1968లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక ఆసుపత్రికి పిత్తాశయపు నొప్పితో అరవై దాటిన వ్యక్తి ఒకరు వచ్చినారు. 12 ఏళ్ల క్రితం ఆయన జీర్ణకోశంలో పుట్టిన రాచపుండు కాలేయానికి వ్యాపించగా, నాటి వైద్యులు దానిని పూర్తిగా తొలగించలేకపోయినారు. స్టీవెన్ రోజెన్‌బర్గ్ అనే యువ శస్త్రవైద్యుడు ఇప్పుడు ఆయన ఉదరం తెరిచి చూడగా ఆ వ్యాధి ఆనవాలైనా కనబడలేదు. మందు లేకుండా వ్యాధి మాయమైనదంటే శరీరమే దానిని జయించి ఉండాలి కదా! ఈ ఆలోచనయే రోజెన్‌బర్గ్ జీవితకాల పరిశోధనకు బీజమైనది.

తెల్ల రక్తకణాలలో టి-లింఫోసైట్లు అనే తెగ ఒకటి కలదు. వీటిలో కొన్ని రాచపుండు కణాలను గుర్తించి కంతిలోనికి చొచ్చుకొనిపోతాయి. కాని అవి సంఖ్యలో స్వల్పం. పైగా కంతి తన చుట్టూ కల్పించుకొన్న వాతావరణం వాటి శక్తిని అణచివేస్తుంది. వాటిని వెలుపలికి తెచ్చి, పెంచి, తిరిగి శరీరంలో ప్రవేశపెట్టటమే ఈ చికిత్సలోని కీలకం. టి-కణాలను వృద్ధి చేసే పదార్థం 1976లో కనుగొనబడినది. తరువాత ఇంటర్‌ల్యూకిన్-2 అని పేరొందిన ఆ పదార్థమే ఈ పనికి మార్గం సుగమం చేసినది.

చికిత్సావిధానం ఇది. మొదట శస్త్రచికిత్సతో కంతిని గాని, అందులో కొంత భాగాన్ని గాని తీసి, చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఇంటర్‌ల్యూకిన్-2 కలిపిన పోషక ద్రవంలో ఉంచుతారు. ముక్కలనుండి వెలువడిన టి-కణాలు కొన్ని వారాలలో వందల కోట్లకు పెరుగుతాయి. ఈలోగా రోగికి మందులిచ్చి శరీరంలో ఉన్న లింఫోసైట్లను తగ్గిస్తారు. కొత్త పైరుకు ముందు కలుపు తీయటం వంటిదే ఇది. ఆపైన పెంచిన కణాలను రక్తనాళం ద్వారా ఎక్కించి, వాటికి బలంగా మరల ఇంటర్‌ల్యూకిన్-2 ఇస్తారు.

1988లో రోజెన్‌బర్గ్ బృందం మెలనోమా అనే చర్మపు రాచపుండు ముదిరిన 20 మందికి ఈ చికిత్స చేయగా 11 మందిలో కంతులు తగ్గినవి. అయితే అనేకులలో ఆ మేలు కొద్ది నెలలే నిలిచినది. పరిశోధకులు నిరుత్సాహపడక విధానాన్ని సవరించుకొంటూ వచ్చినారు. తుదకు 2024 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ లిఫిల్యూసెల్ పేరిట ఈ తరహా చికిత్సను మెలనోమాకు అనుమతించినది. ఒక మోతాదులో 750 కోట్లు మొదలు 7,200 కోట్ల వరకు కణాలుంటాయి.

మన దేశంలో బొంబాయి ఐ.ఐ.టి., టాటా స్మారక కేంద్రాల కృషి ఫలితంగా రూపొందిన నెక్స్‌కార్-19కు 2023 అక్టోబరులో అనుమతి లభించినది. అదీ టి-కణాల చికిత్సయే గాని మార్గం వేరు. అందులో కణాలను కంతినుండి గాక రోగి రక్తంనుండి తీసి, శత్రువును గుర్తించే జన్యువును చేర్చి పెంచుతారు. అది కొన్ని రక్తసంబంధమైన రాచపుండ్లకు ఉద్దేశింపబడినది.

ఇంతమాత్రాన రాచపుండుకు సంజీవని లభించినదని భావించరాదు. లిఫిల్యూసెల్ అనుమతికి ఆధారమైన 73 మంది రోగులలో ఫలితం కనబడినది 31.5 శాతం మందికే. చికిత్స వలననే ప్రాణాపాయం కలుగవచ్చునన్న హెచ్చరిక కూడా కలదు. ఆప్తులు మంచాన పడిన ఇంట ఇటువంటి వార్త విన్నవారు వెంటనే ఆశ పెంచుకొంటారు. చదువుకొన్న మనం వారికి ఆ ఆశతోపాటు ఈ లెక్కను కూడా చెప్పాలి. మూడింట రెండు వంతుల మందికి ఫలించలేదన్నది ఎంత సత్యమో, ఇతర చికిత్సలకు లొంగని వ్యాధి ఇంచుమించు మూడవ వంతు మందిలో తగ్గినదన్నదీ అంతే సత్యం.

1968లో ఒక యువవైద్యుని మనసున మెదిలిన ప్రశ్న రోగులకు అందే ఔషధంగా మారటానికి 56 ఏళ్లు పట్టినది. ఇంటిదొంగను పట్టగల కావలివారు ఇంటిలోనే ఉన్నారని, వారికి బలం చేకూర్చటమే మానవుడు చేయవలసిన పని అని ఆ దీర్ఘకృషి తెలిపినది. అంతుపట్టని విషయం ఎదురైనప్పుడు యాదృచ్ఛికమని త్రోసిపుచ్చక, 'ఎందువలన?' అని ప్రశ్నించి, సమాధానం కొరకు ఓపికతో శ్రమించటం మన విద్యార్థులు దీనినుండి గ్రహింపదగిన పాఠమని మా అభిప్రాయం.