పాతిక గడపల ఊళ్లో ఎవరున్నారు?

"మీ ఊళ్లో ఎంతమంది ఉంటారు?" అని కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో అడిగి చూడండి. మనుషుల లెక్క చెప్పరు, గడపల లెక్క చెప్తారు. పాతిక గడపలు, ముప్ఫై గడపలు అంటారు. వాటిలో ఎన్నింటికి తాళాలు పడ్డాయి, ఎన్నింటి ముందు పొద్దున్నే ముగ్గు పడుతోంది? అసలు సంగతి అక్కడే ఉంది!

కుప్పం మూడు రాష్ట్రాలు కలిసేచోటు. ఇటు వెళ్తే కర్ణాటక, అటు వెళ్తే తమిళనాడు. ఎర్రనేల, బండరాళ్ల గుట్టలు, రాగి చేలు, చెనక్కాయ చేలు, మల్బరీ తోటలు. వాన పడితే పంట, లేకపోతే వలస. బెంగళూరు రైల్లో సుమారు వంద కిలోమీటర్లు. ఒకప్పుడు పక్కనే కోలారు బంగారు గనులుండేవి. 2001లో అవి మూతపడ్డాయి. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా నీళ్లు కుప్పం దాకా వచ్చాయి గానీ, వెళ్లిపోయినవాళ్లు ఒక్క కాలువతో తిరిగొస్తారా అన్నది చూడాలి.

పొద్దున రైలెక్కి రాత్రికి ఇల్లు చేరేవాళ్లూ ఉన్నారు. ఆ రైలే లేకపోతే ఇంకెన్ని ఇళ్లకు తాళాలు పడేవో! పగలు పల్లెలో కనిపించేది ఆడవాళ్లు, ముసలివాళ్లు, ఆవులు. పాలు పితికి కేంద్రంలో పోసేది ఆడవాళ్లే, పట్టుపురుగులకు ఆకు వేసేదీ వాళ్లే. అడివంచు ఊళ్లలో ఏనుగుల భయం కూడా. 1980ల్లో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటైంది. రాత్రి కయ్యలో అలికిడైతే డబ్బాలు వాయించడానికి ఎంతమంది మనుషులున్నారన్నది చిన్న ఊరికి చిన్న ప్రశ్న కాదు.

ఇక సర్కారు లెక్కలు చూడండి. ఎంత జనముంటే అంత సౌకర్యం! అంగన్‌వాడీకి 400 నుంచి 800 మంది జనాభా ఉండాలి. 150 దాటితే మినీ అంగన్‌వాడీ. ఆశా కార్యకర్త వెయ్యిమందికి ఒకరు. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదాన ప్రాంతపు పల్లెకు రోడ్డు రావాలంటే 500 మంది ఉండాలన్నారు. పాతిక గడపల ఊరు ఇందులో దేనికి తూగుతుంది? చంటిపిల్లని చంకనేసుకుని పక్క ఊరికి నడవాల్సిందే. పైగా జనాభా లెక్కల్లో రెవెన్యూ గ్రామాన్నే ఊరుగా రాస్తారు. దాని కింది చిన్న పల్లెలన్నీ అందులో కలిసిపోతాయి. మన పల్లె అంకె విడిగా కనిపించదు.

రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు 1.7కి తగ్గారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కుప్పం నుంచే ఎన్నికైన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024లో ఎక్కువమందిని కనమన్నారు. కనడం సరే, బిడ్డకి అంగన్‌వాడీ దగ్గర్లో ఉండొద్దూ!

మనిషన్నవాడు మిగలని ఊరిని రెవెన్యూ రికార్డుల్లో 'బేచిరాగ్' అంటారు. పాతకాలపు ఫార్సీ మాట. చిరాగ్ అంటే దీపం, బే అంటే లేని. దీపం లేని ఊరు! కలరాకో కరువుకో జనం వెళ్లిపోయినా పొలాలకి ఆ పేరే ఉండిపోతుంది. శిస్తు పుస్తకంలో ఊరుంటుంది, పొయ్యి రాజేసే ఇల్లుండదు.

ఇదంతా మన దగ్గరే అనుకోకండి. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, గడ్డిమైదానాల నడుమ మొనోవి అనే ఊరుంది. 1930ల్లో 150 మంది దాకా ఉండేవారు. సేద్యం గిట్టక కుర్రకారు పట్నాలకు పోయారు. 2000 నాటికి మిగిలింది ఎల్సీ ఐలర్, ఆమె భర్త రూడీ. 2004లో ఆయన కన్నుమూశారు. 2010 లెక్కల్లో ఆ ఊరి జనాభా... ఒకటి! ఆవిడే మేయరు, ఆవిడే గుమాస్తా, ఆవిడే లైబ్రేరియన్. తన బారుకి లైసెన్సు తనే ఇచ్చుకునేది, పన్ను తనకే కట్టుకునేది. భర్త దాచుకున్న ఐదువేల పుస్తకాలతో ఆయన పేర లైబ్రరీ పెట్టింది. 2020లో ఓ తమాషా జరిగింది. లెక్కల్లో ఇద్దరని వచ్చింది! ఆ రెండోవారెవరంటే, ఎవరూ లేరు. మనుషుల వివరాలు బయటపడకుండా అక్కడ చిన్న ఊళ్ల అంకెల్ని కాస్త అటూ ఇటూ చేస్తారట.

మనకు 2011 తర్వాత 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. తర్వాతి లెక్కకు 2027 మార్చి 1ని తేదీగా పెట్టారు. మామూలుగా ఎక్కడ ఉంటే అక్కడే రాస్తారు కనుక, రాత్రికి ఇల్లు చేరే మనిషి మన ఊరి లెక్కే. బెంగళూరులో కాపురం పెట్టిన కొడుకు అక్కడి లెక్క.

మరో ముఖ్యమైన సంగతి. "మా ఆడోళ్లకు పనేం లేదు, ఇంట్లోనే" అని మగవాళ్లు చెప్పేస్తే కాగితం మీద అదే పడుతుంది. కానీ 2011 జనగణన నియమాల ప్రకారం జీతంలేని సొంత పొలం పని కూడా పనే. ఇంటి వాడకానికే అయినా సేద్యం చేసినా, పాల కోసం ఆవుని సాకినా ఆమె పనిచేసే మనిషే! కాబట్టి లెక్క రాసేవాళ్లొస్తే వంటింట్లోంచి తొంగిచూడకండి. గడపలోకి వచ్చి మీ ఆవులు, మీ కయ్యల సంగతి మీరే చెప్పండి. పెనిమిటి పేరు పలకడం ఆచారం కాదంటారా? 1948 నాటి జనగణన చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం చెప్పనక్కర్లేదు కూడా!