లేని డిస్కునకు పొలిమేరలు

2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన మన చిత్తూరు జిల్లా విభక్తమైనది. తిరుపతి వేఱొక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరినది. అయినను నాడు శేషాచలము జానెడైనను కదలలేదు. స్వర్ణముఖి తన దారి మార్చుకొనలేదు. మారినది దస్త్రములలోని గీత మాత్రమే. కంప్యూటరులోని హార్డు డిస్కును విభజించుటయు నిట్టిదే. ఈ సంగతి మనసునకు పట్టినచో నేటి ప్రసంగములో సగము బోధపడినట్లే.

ఇప్పుడీ విషయము నెత్తుకొనుటకు కారణము కలదు. విండోస్ 10నకు ఉచితముగా నిచ్చు సామాన్య పోషణమును మైక్రోసాఫ్టు వారు 2025 అక్టోబరు 14తో ముగించిరి. విండోస్ 11నకు తగని పాత యంత్రములు బడులలోను ఇండ్లలోను పెక్కు గలవు. యంత్రము చెడలేదు, దానికి తగిన వ్యవస్థయే కఱవైనది. లుబుంటు, యాంటీఎక్స్, పప్పీ మొదలగు తేలిక లినక్సులు వీనికి తగియుండును. లినస్ టోర్వాల్డ్సు ఫిన్లండు దేశమున విద్యార్థిగా నుండి 1991లో వెలువరించిన లినక్సే వీని కన్నిటికిని మూలము. కాని స్థాపనవేళ డిస్కు విభాగము వచ్చినపుడు ఒక్క మీట తప్పు నొక్కినను పెండ్లి ఫొటోలును, పదేండ్ల పద్దులును పోవచ్చును. అందుచేత ముందు లేని డిస్కుపై అభ్యాసము చేయవలెను. వీథిబడిలో తొలుత ఇసుకలో దిద్దించెడివారు గదా.

లేని డిస్కనగా నేమి? వర్చువల్‌బాక్సు వంటి సాధనము మన అసలు డిస్కులో నొక ఫైలును కల్పించి, లోపల నడచు అతిథి వ్యవస్థను ‘ఇదియే నీ డిస్కు’ అని నమ్మించును. 20 జీబీ యని చెప్పినను, పెరుగుచుపోవు విధము నెన్నుకొన్నచో, ఆ ఫైలు మొదట మిక్కిలి చిన్నదిగా నుండి వ్రాసినకొలది పెరుగును. లోపల తుడిచినంత మాత్రమున తిరిగి తగ్గదు. ఇది రజ్జుసర్పము వంటిదని మిత్రుడొకడనెను, నేనొప్పను. త్రాటిలో కనబడిన పాము కఱవజాలదు. ఈ డిస్కులో వ్రాసిన యక్షరము నిలిచి యుండును.

పాతపద్ధతి డిస్కులో మొదటి గడి 512 బైట్లు. అందు 446 బైట్లు యంత్రమును మేలుకొలుపు చిన్న ఆదేశమాలకు, 64 బైట్లు విభాగపట్టికకు, కడపటి 2 ముద్రకు. ఒక్కొక్క విభాగమునకు 16 బైట్లు. కావున నాలుగింటికే చోటు. ఎచట మొదలు, ఎంత నిడివి, ఏ జాతి యను నింతమాత్రమే యందుండును. వెనుకటి కరణముగారి లెక్కయే యనుకొనుడు. ఐదవది కావలసినచో నాలుగింట నొకదానిని విస్తృతవిభాగముగా జేసి దాని కడుపులో చిన్నవి కల్పింపవలెను. జీపీటీ యను క్రొత్తపద్ధతిలో సాధారణముగా 128కి చోటు కలదు. పట్టికకు నకలొకటి డిస్కు కొసనుండును.

నకలు విలువ మనవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయమున నిప్పంటుకొని దస్త్రములు కాలినవి. పొలములు కాలలేదు, వానిని గూర్చిన కాగితపు సాక్ష్యము కాలినది. విభాగపట్టిక చెడినపుడును అంతే: లోని వ్రాత యట్లే యుండును, దానికి దారి తెలియదు. టెస్ట్‌డిస్కు అను సాధనము పాత హద్దులను వెదకి పట్టికను తిరిగి కూర్చగలుగవచ్చును. ఈలోగా పైన క్రొత్తవి వ్రాసితిమా, హద్దురాళ్లతోగూడ పొలమును దున్నినట్లే.

20 జీబీ డిస్కునకు నా పంపకమిది: వ్యవస్థ నిలుచు మూలవిభాగమునకు 12, స్వాపునకు 2, మిగిలినది హోమునకు. స్వాపనగా ర్యాము చాలనపుడు సరకు దించుకొను వసారా. హోమున మన వ్రాతలుండును. దానిని వేఱుగ నుంచినచో రేపు వ్యవస్థను మార్చినను, ఆ భాగమును ఫార్మాటు చేయకున్నంతవఱకు, వ్రాతలు చెడవు. మూలమునకును హోమునకును ఈఎక్స్‌టీ4 పద్ధతి చాలును.

జీపార్టెడులో నొక మెలిక కలదు. విభాగములను గీయుట, చెరపుట మొదలగునవి ‘అప్లయి’ నొక్కువఱకు వరుసలో వేచియుండును. క్రొత్త పట్టికను కల్పించుట మాత్రము హెచ్చరించి, ఒప్పుకొన్న తత్‌క్షణమే జరిగిపోవును. ఎఫ్‌డిస్కు ఇంకను నిదానము గలది: ‘డబ్ల్యూ’ నొక్కువఱకు డిస్కున నేమియు పడదు, ‘క్యూ’ నొక్కినచో అన్నియు మఱచి వెడలిపోవును. అది అక్షరముల తెరయని పిల్లలు జడియుదురుగాని, నాకదియే యిష్టము.

ఇసుక దిద్దుట ముగిసి అసలు యంత్రమునకు వచ్చునపుడు, ముందు సొత్తునంతయు వేఱొక డిస్కున కెత్తి, ఆ డిస్కును తీగె ఊడదీసి బీరువాలో నుంచుడు. స్థాపకము చూపు డిస్కులను పేరునుబట్టి గాక పరిమాణమునుబట్టి గుర్తింపుడు. పేర్లు తారుమారగుట కలదు. మిక్కిలి పాతదై 32 బిట్లదైనచో, 2025 ఆగస్టున వెలువడిన డెబియన్ 13 దానికి స్థాపకము నీయదు. అట్టివారు పప్పీలోగాని యాంటీఎక్స్‌లోగాని 32 బిట్ల కూర్పును వెదకవలెను.