బరువు యంత్రమునకు చెక్కపెట్టె

1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో వరి పండు బాన్సువాడకు రైలుమార్గము లేదు. ఇచ్చటి కార్ఖానానుండి లేతు యంత్రమును దూరమునకు పంపవలెనన్న లారీయే ఆధారము. దారి కుదుపులకు తాళు పెట్టెను గూర్చి మేమిచ్చట వివరించుచున్నాము.

పెట్టె బలము గోడలలో కాదు, అడుగున గలదు. రెండు గట్టి దూలములపై అడ్డుచెక్కలు పరచి, యంత్రపు పాదములను వానికి బోల్టులతో బిగింపవలెను. మేకులు కుదుపులకు ఊడివచ్చును. మెరుగు భాగములకు గ్రీజు పూయవలెను.

లేతునకు తలవైపు బరువు హెచ్చు. జరుగు భాగములను రెండవ కొనకు నెట్టి బిగించినచో తూకము కొంత సమమగును. మోకు తగిలించు చోట్లను పెట్టెపై గుర్తింపవలెను. తూకము తప్పి పెట్టె ఒరిగినచో క్రిందనున్న కూలీల ప్రాణములకే ముప్పు. కావున లారీ కెక్కించుటకు ముందు జానెడెత్తు లేపి, ఎటు మొగ్గుచున్నదో చూచుకొనవలెను.