మూసకి వచ్చిన చిక్కు

మా ఊరి తెలుగు సంఘం ఏటా ఉగాదికి ఒక సంచిక వేస్తుంది. ఈసారి ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేసిపెట్టమని నాకు అప్పగించారు. వ్యాసం వలస వచ్చినవారి గురించి. ఆ విషయం రాసేవాళ్లు అమెరికాని ‘మెల్టింగ్ పాట్’ అనకుండా ఉండలేరు కదా! ఇజ్రాయెల్ జాంగ్విల్ 1908లో ఆ పేరుతో నాటకం రాసినప్పటి నుంచి ఆ మాట ఈ దేశానికి అంటుకుపోయింది. రకరకాల లోహాలు ఒకే పాత్రలో కరిగి ఒకటైపోయినట్లు ఇక్కడి మనుషులు కూడా ఒకటైపోతారని భావం. లోహాలు కరిగించే ఆ పాత్రని ప్రయోగశాలలో క్రూసిబుల్ అంటాం. తెలుగులో మూస. నలభై ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి కనక తడుముకోకుండా ‘అమెరికా ఒక మూస’ అని రాసి పంపేను.

ఆ సాయంత్రమే సంపాదకుడి ఫోను. “మాస్టారూ, అమెరికా మూస దేశమని రాశారేమిటండీ? తిట్టినట్లుంది.”

ఆయన తప్పేమీ లేదు. మూస కథ, మూస సినిమా, మూసపోసిన పాత్రలు అని రోజూ చదువుతున్న కంటికి మూస అంటే అచ్చు. ఒకేలాంటి సరుకుని వందలకొద్దీ తీసే అచ్చు. కాని అచ్చు చేసే పని వేరు, మూస చేసే పని వేరు. అచ్చు రూపం ఇస్తుంది. మూస ఉన్న రూపాన్ని పోగొడుతుంది.

పాఠశాలలో మూసని చూసిన జ్ఞాపకం కొందరికైనా ఉండి ఉంటుంది. అరచేతిలో ఇమిడే తెల్లని పింగాణీ గిన్నె, దాని మీద చిన్న మూత. మట్టిగొట్టాలు తొడిగిన ముక్కోణపు తీగ మీద దాన్ని కూర్చోబెట్టి, కింద బున్సెన్ బర్నరు వెలిగిస్తాం. అందులో 5 గ్రాముల మైలుతుత్తం వేసి మెల్లగా కాలిస్తే, నీలం రంగు పలకలు పాలిపోయి తెల్లటి పొడి అవుతాయి. పటకారుతో దింపి, చెమ్మ తగలని చోట చల్లార్చి తూస్తే సుమారు 3.2 గ్రాములే ఉంటుంది. పోయినదంతా నీరు. మళ్లీ కాల్చి, మళ్లీ తూచి, బరువు ఇక మారడం లేదని తేలేవరకూ ఆ పని చెయ్యాలి. ఓపిక లేని కుర్రాళ్లు వేడి మూసనే త్రాసు మీద పెట్టేసేవారు! మూసలో వేసినది మారాలి, మూస మాత్రం మారకూడదు. ప్రయోగం అంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది.

ఈ మాట ప్రయోగశాల కోసం ఎవరో కూర్చుని తయారు చేసినది కాదు. కంసాలి కుంపటి దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. బంగారం 1064 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. మట్టిమూసలో బంగారమూ, కాస్త వెలిగారమూ వేసి, ఊదుగొట్టంతో ఊది కరిగిస్తారు. కరిగాక దాన్ని వేరే అచ్చులో పోస్తారు. పనివాడి చేతిలో మూస, అచ్చు రెండు వేరువేరు వస్తువులు.

అంతకు వెనక్కి వెళితే సంస్కృతంలో ఇది ‘మూషా’. రసశాస్త్ర గ్రంథం రసరత్నసముచ్చయం దీనికి ఒక అధ్యాయంలో పెద్ద చోటే ఇచ్చింది. దోషాలని దొంగిలిస్తుంది కనక మూష అట! ముష్ అంటే దొంగిలించడం. మూషికం పేరుని కూడా ఆ ధాతువుతోనే ముడిపెడతారు. వంకాయ ఆకారంలో ఉంటే వృంతాకమూష, ఆవు పొదుగు ఆకారంలో ఉంటే గోస్తనమూష. ఇంకా ఎన్నో రకాలు చెప్పి, మూషకి ఉన్న మారుపేర్లలో ‘వహ్నిమిత్ర’ అని కూడా ఇస్తుంది. నిప్పుకి నేస్తం! ఇంత మంచి పేరు క్రూసిబుల్‌కి లేదు. దాని లాటిన్ మూలం క్రుసిబులుం. దీపం అనీ, లోహం కరిగించే పాత్ర అనీ దానికి రెండర్థాలు.

చిత్రం ఏమిటంటే, రెండు భాషలూ ఈ గిన్నెని ప్రయోగశాల దాటించాయి, కాని చెరో దిక్కుకి. ఇంగ్లీషులో క్రూసిబుల్ అంటే మనిషిని కాల్చి నిగ్గు తేల్చే కష్టం. ఆర్థర్ మిల్లర్ 1953 నాటి నాటకానికి ఆ పేరు పెట్టింది అందుకే. మనం అటువంటి చోట అగ్నిపరీక్ష అంటాం. మన మూస మాత్రం విసుగు పుట్టించే ఒకేపోలికకి పేరు అయింది. కరిగించడం ఒకచోట, పోతపొయ్యడం మరొకచోట అని కళ్లారా చూసినవాళ్లు తగ్గిపోవడమే దీనికి కారణమని నా ఊహ.

ఇదంతా సంపాదకుడికి వివరించి, ‘అచ్చుకి అచ్చు అనండి, మూసని మూసగా ఉండనివ్వండి’ అని గట్టిగా వాదించేను. ఫోను పెట్టేశాక ఉక్కు గుర్తొచ్చింది. నా వాదనకి అక్కడే చిల్లు పడింది.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు ఉక్కు తీసేవారు. దాన్ని కొనుక్కోడానికి పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవారు. బంకమట్టిలో వరి ఊక కలిపి మూసలు చేసేవారు. ఊకలోని సిలికా ఆ మట్టికి మంటని ఓర్చుకునే బలం ఇస్తుంది. దక్షిణాదిలో ఉక్కు తీసే తీరు చూసి రాసినవారు, ఇనుముతోపాటు తంగేడు కొమ్మలూ జిల్లేడు ఆకులూ కూడా మూసలో పెట్టేవారని చెప్పేరు. కర్బనం వాటినుంచే వస్తుంది. మూత పెట్టి, మట్టితో మెత్తి, గంటల తరబడి కొలిమిలో ఉంచేవారు. కరిగిన ఉక్కుని పొయ్యడానికి ఇక్కడ వేరే అచ్చు లేదు. ఆ మూసలోనే మెల్లగా చల్లారి, దాని అడుగు ఆకారంలోనే గడ్డకట్టేది. తరవాత మూస పగలగొట్టి దిమ్మ తీసేవారు.

అంటే ఉక్కు దగ్గర మూసే అచ్చు. కరిగించిందీ, రూపం ఇచ్చిందీ అదే. యాభై ఏళ్లుగా ఈ దేశంలో ఉంటున్నవాణ్ణి, నా ఇంగ్లీషు యాసకీ, మా మనవలు నన్ను పిలిచే పిలుపుకీ ఏ అర్థం సరిపోతుందో నాకే తేలలేదు.

మర్నాడు సంపాదకుడికి ఫోను చేసి, మూస అనే మాట రెండు విధాలా సరైనదే, ఉంచెయ్యండి అన్నాను. “కరిగించే కుండ అంటే పోదూ?” అన్నారాయన. బెల్లప్పాకం గుర్తొస్తుందన్నాను.

సంచిక మొన్న వచ్చింది. ‘అమెరికా ఒక మెల్టింగ్ పాట్’ అని పడింది, తెలుగు లిపిలో.