లేని మేడకు ఛాయాచిత్రము

ఇల్లు కట్టకమునుపే దాని పటము మన చేతికి వచ్చు కాలమిది. పది యంతస్తుల మేడ, దానిముందు వీధి, వీధిలో వేపచెట్టు, పైన తెల్లని మబ్బులు. వీధియు, చెట్టును, మబ్బులును నిజముగా నున్నవే. మేడ మాత్రము లేదు. ఉన్నవానికిని లేనిదానికిని నడుమ అతుకు కనబడకుండ జేయుట యిప్పుడొక పెద్ద విద్యయైనది. పురుషులు ధరను, చదరపుటడుగులను లెక్కించుచుండగా, మనము పటమును జూచియే మనసుపడుదుము. కూడబెట్టిన సొమ్మంతయు దానిపై నాధారపడునపుడు, ఈ విద్యలోని మర్మము గృహిణులకు కొంత తెలిసియుండుట మేలని మేము తలంచుచున్నాము.

ఉపాయము క్రొత్తది గాదు. ఆంగ్లదేశమున హంఫ్రీ రెప్టను అను ఉద్యానశిల్పి 1788 మొదలుకొని ధనికులకు ఎర్రయట్టల పుస్తకములు సిద్ధపరచి యిచ్చెడివాడు. అందు వారి తోట యున్నది యున్నట్లుగా రంగులతో చిత్రితమై యుండును. పైనున్న మడతకాగితము నెత్తినచో క్రింద కాబోవు రూపము కనబడును. ఎత్తియు దింపియు రెంటిని పోల్చుకొనుటకు వీలుండెను. నేటి పటములకు ఆ మడత లేదు. అదియే మాకు కొరతగా తోచుచున్నది.

ఇప్పటి పద్ధతి యిట్టిది. మొదట స్థలమును ఛాయాచిత్రము తీసి, కెమెరాను నేలకెంత యెత్తున, ఏ వైపునకు, ఎట్టి కటకముతో బట్టిరో వ్రాసికొందురు. కంప్యూటరులో గట్టిన మేడను సరిగా ఆ చోటినుండియే చూచినట్లు చిత్రింపవలెను. దూరముగా సాగిపోవు అంతస్తుల గీతలన్నియు ఆ ఛాయాచిత్రపు దిగంతరేఖపైననే కలియవలెను. అట్లు కలియనిచో, కారణము చెప్పలేకున్నను, భవనము గాలిలో తేలినట్లు మన కంటికి తోచును.

అంతకన్న కష్టము వెలుగు. తోమిన యిత్తడిచెంబును ముంగిట నుంచినచో ఆకాశము, గోడ, తులసికోట, మన ముఖము గూడ అందు వంకరగా కనబడును గదా! 1998లో అమెరికాలో పాల్ డెబెవెక్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి యద్దపుగుండునే స్థలమున నుంచి, హెచ్చుతగ్గుల వెలుగుతో పలుమారులు ఛాయాచిత్రములు తీసి, అన్ని దిక్కులనుండి వచ్చు వెలుతురును గొలిచి, దానితోనే కల్పితవస్తువులను వెలిగించు పద్ధతిని ప్రకటించెను. ఎర్రనేలపై నిలిచిన తెల్లగోడ క్రిందిభాగము కొంచెము ఎరుపెక్కుట యిట్టి లెక్కలవలననే సాధ్యమగుచున్నది.

తక్కినవి చిన్నపనులు. దూరపుభాగము లేతగా నుండవలెను; గోడ నేలను తాకుచోట సన్నని నీడ యుండవలెను; ముందున్న చెట్టుకొమ్మ మేడను గొంత మరుగుపరుపవలెను. ఛాయాచిత్రములోని ముతకదనము మేడకును రావలెను.

పరీక్షింపగోరినచో మొదట నీడలను జూడుడు. చెట్టునీడ యొకవైపునకును, మేడనీడ మరియొకవైపునకును పడుచున్నవా? ఉత్తరపుగోడపై ఎండ కాయుచున్నదా? ధనుర్మాసమున సూర్యుడు మనకు ఉదయమునుండి అస్తమయమువరకు దక్షిణపు ప్రక్కనే నడచును. ఆ గోడకు ఎండ రాదు. బట్టలారవేయు వసారా ఉత్తరముననే యున్నచో, ఈ సంగతి చిత్రకారునికంటె మనకే ముఖ్యము.

అయినను, అతుకు చక్కగా కుదిరినంతమాత్రమున పటము సత్యము గాదు. మురుగుకాలువను, కరెంటు స్తంభమును, ప్రక్కయింటి గోడను తుడిచివేయుట సులభము. వెడల్పు కటకముచే ఇరుకు ముంగిలి గూడ మైదానమువలె కనబడును. మయుడు ఉన్న సభలోనే సుయోధనుని భ్రమపెట్టెను. వీరు లేని సభను జూపి భ్రమపెట్టగలరు! కావున పటమును చేతబట్టుకొని, అందు కనబడు వేళకే స్థలమునకు బోయి, కెమెరా నిలిచిన తావున నిలిచి, ఇందు లేనివి అచ్చట ఏమేమి యున్నవో లెక్కింపుడు. రెప్టను మడతకాగితమును మనమే తయారుచేసికొన్నట్లగును.

మన దేశమున 2016లో చేయబడిన స్థిరాస్తి చట్టము, అనగా అందరు రెరా యనుచున్నది, ఈ విషయమున తోడ్పడును. ప్రకటనలో రెరా నమోదు సంఖ్య యుండితీరవలెను. ప్రకటనలోని అసత్యమును నమ్మి సొమ్ము చెల్లించి నష్టపోయినవారికి పరిహారము పొందు హక్కును, విరమించుకొనదలచినచో వడ్డీతో గూడ సొమ్ము తిరిగి పొందు హక్కును ఆ చట్టపు 12వ విభాగ మిచ్చుచున్నది. అందుచే ఆ పటమును పారవేయక, “చిత్రకారుని యూహ మాత్రమే” యను చిన్న యక్షరముల పుటతో సహా, తేదీ వేసి, రసీదులతోపాటు పెట్టెలో నుంచవలెను.