పారవేయుటకు ముందు

ఒకప్పుడు మన పల్లెలలో ఏ వస్తువును ఊరక పారవేసెడివారు కారు. ఇత్తడి బిందెకు చిల్లి పడినచో మాటు వేయించెడివారు. వంట పాత్రలకు కళాయి పూయించెడివారు. చినిగిన చీరలు బొంతలుగా మారి మరల కొన్ని ఏండ్లు ఇంటికి ఉపయోగపడెడివి. గొడుగు పుల్ల విరిగినచో దానిని బాగుచేయువాడు వీధిలోనికే వచ్చెడివాడు. వస్తువు పాడగుట వేరు, పనికిరాకుండ పోవుట వేరు అని ఆనాటివారు ఎరిగియుండిరి.

నేడు మన యిండ్లలోని వస్తువులు మారినవి. ఫాను, మిక్సీ, టెలివిజన్, ఫోను ఇంటింట కనబడుచున్నవి. వీనిలో ఏదియైన ఆగిపోయినచో, "ఇది పోయినది, క్రొత్తది కొందము" అను మాట మొదట వినబడుచున్నది. దీనికి కారణము లేకపోలేదు. బిందెకు పడిన చిల్లి కంటికి కనబడును. యంత్రములోని లోపము పెట్టెలో దాగియుండును. కనబడనిదానిని చూచి మనము వెనుకాడుదుము. కాని యంత్రము ఆగిపోయినప్పుడు సాధారణముగా దానిలోని భాగములన్నియు చెడిపోవు. ఏదో ఒక చిన్న భాగము మాత్రమే చెడును. ఆ భాగము ఏదియో ఆలోచనచేత కనిపెట్టుటయే మరమ్మతులోని ముఖ్యమైన పని.

ఇంటి కప్పునకు వ్రేలాడు ఫానును తీసికొందము. కొన్ని ఏండ్లు చక్కగా తిరిగిన ఫాను ఒక వేసవిలో మందగించినది. రెగ్యులేటరును చివరివరకు త్రిప్పినను గాలి రాదు. దీనికి కారణము తెలియవలెనన్న, ఫాను ఎట్లు తిరుగునో ముందు తెలియవలెను.

తిరుగలి పిడిని ఒకే గీతమీద ముందునకు, వెనుకకు నెట్టినచో రాయి కదలునే కాని చుట్టు తిరుగదు. ముందునకు ఒక త్రోపు, ప్రక్కకు ఒక త్రోపు క్రమముగా పడిననే అది తిరుగును. ఫాను విషయమును ఇట్టిదే. మన యిండ్లకు వచ్చునది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. ఒకే తీగచుట్టలో అది పారినచో, అందుండి పుట్టు అయస్కాంత బలము ఒకే గీతమీద ఇటునటు మారుచుండును. అందువలన ఫానులో రెండు తీగచుట్టలు అమర్చి, ఒకదానికి కండెన్సరు అను చిన్న భాగమును చేర్చుదురు. ఈ కండెన్సరు వలన ఒక చుట్టలోని విద్యుత్తు రెండవదానికంటె కొంచెము ముందు నడచును. రెండు త్రోపులు ఒకదాని వెనుక ఒకటి పడి, అయస్కాంత బలము చుట్టు తిరుగును. దానితోపాటు రెక్కలు తిరుగును. తిరుగుచుండు ఈ అయస్కాంత బలముతో నడచు మోటారులకు నికోలా టెస్లా 1888లో అమెరికాలో పేటెంటులు పొందెను.

కండెన్సరులో లోహపు పూత గల పలుచని ప్లాస్టిక్ పొర చుట్టగా చుట్టబడి యుండును. విద్యుత్తు ఒత్తిడి హెచ్చినప్పుడు ఆ పొరలో బలహీనమైన చోట సూదిమొనంత రంధ్రము పడును. వెంటనే దాని చుట్టునున్న లోహము ఆవిరియై, ఆ గాయము తనంతట మానును. కాని అట్లు మానిన ప్రతిసారియు లోహపు పూత కొంత తగ్గును. ఏండ్లు గడచునప్పటికి కండెన్సరు శక్తి క్షీణించి, రెండవ త్రోపు బలహీనమగును. ఫాను మందగించును. కండెన్సరు పూర్తిగా చెడినచో ఫాను మూలుగునే కాని తానై కదలదు.

ఐనను మందగించిన ప్రతి ఫానులోను దోషము కండెన్సరుదే అని తలపరాదు. ఇంటిలోని దీపములు కూడ మసకగా వెలుగుచున్నవా? ఐనచో లోపము ఫానులో లేదు, వచ్చు విద్యుత్తులో నున్నది. రెగ్యులేటరు మార్చి చూచినచో వేగము వచ్చినదా? ఐనచో దోషము రెగ్యులేటరుదే. విద్యుత్తును పూర్తిగా ఆపి, రెక్కను చేతితో త్రిప్పినప్పుడు అది బిగిసి, గరగరలాడుచున్నదా? ఐనచో బేరింగులు అరిగినవి. ఇవి ఏవియు కానప్పుడే కండెన్సరును అనుమానింపవలెను. పాతదానిపై ఎన్ని మైక్రోఫారడులు, ఎన్ని వోల్టులు అని వ్రాసియున్నదో అట్టిదే తేవలెను. సాధారణముగా అది 2.5 మైక్రోఫారడులు ఉండును. హెచ్చు విలువ గలది వేసినచో ఫాను వేగముగా తిరుగునని కొందరు తలతురు. అట్లు వేయుట పొరపాటు. తీగచుట్టలు వేడెక్కి మాడిపోవచ్చును. ఇటీవల వాడుకలోనికి వచ్చిన బి.ఎల్.డి.సి. ఫానులలో ఏర్పాటు వేరు గనుక వానికి ఈ మాటలు వర్తింపవు.

కండెన్సరు వెల కొన్ని పదుల రూపాయలు. క్రొత్త ఫాను వెల వేయి రూపాయలకు పైమాటయే. అరచేతిలో ఇమిడిపోవు భాగము చెడినదని, ఎట్టి లోపము లేని ఇనుమును, రాగితీగను, రెక్కలను పారవేయుట ఎంత అవివేకము!

విద్యార్థులు తమంత తాము చేయదగిన పనియు ఒకటి కలదు. టెలివిజన్ రిమోటు పనిచేయనప్పుడు వెనుక మూత తీసి చూడవలెను. బ్యాటరీలు కారి, స్ప్రింగులపై తెల్లని పెచ్చు కట్టియుండవచ్చును. బ్యాటరీలు తీసివేసి, గుడ్డను కొంచెము నిమ్మరసములో తడిపి తుడిచి, బాగుగా ఆరనిచ్చి, క్రొత్త బ్యాటరీలు వేయవలెను. పిమ్మట రిమోటు కొనను ఫోను కెమెరాకు ఎదురుగా పట్టి మీట నొక్కవలెను. కంటికి కనబడని దాని వెలుగు అనేక ఫోనులలో మిణుకుమనుచు కనబడును. ఆ వెలుగు కనబడియు టెలివిజన్ పలుకనిచో లోపము రిమోటులో లేకపోవచ్చును. టెలివిజన్‌ను పరీక్షింపవలసి యుండును.

ఐతే, ఏ వస్తువును ముట్టుకొనరాదో తెలియుటయు మరమ్మతులో భాగమే. గోడలోని విద్యుత్తుతో నడచు వస్తువులను పని తెలిసిన పెద్దలే, మెయిను స్విచ్చి ఆపిన పిదపనే విప్పవలెను. విద్యుత్తు ఆపినను కండెన్సరులలో కొంత నిలిచియుండును. మైక్రోవేవ్ ఓవెనులలో అట్లు నిలిచియున్న విద్యుత్తు ప్రాణము తీయగలదు. ఉబ్బిన ఫోను బ్యాటరీని గ్రుచ్చినచో మంటలు లేచును. ఇట్టివానిని నిపుణులకే విడువవలెను. తెలియనిదానిని తెలియదని ఒప్పుకొనుట పిరికితనము కాదు.

ఇంకొక అడ్డంకి కలదు. నేటి వస్తువులలో కొన్ని విప్పుటకు వీలులేకుండ జిగురుతో అతికింపబడుచున్నవి. ఇందుకు విరుగుడుగా ఫ్రాన్సు దేశము 2021 జనవరి నుండి ఫోనులు, టెలివిజన్లు మొదలగు కొన్ని వస్తువులపై, వానిని బాగుచేయుట ఎంత సులభమో పదింటికి మార్కులువేసి తెలుపవలెనని నిర్ణయించినది. మన దేశములో కేంద్ర ప్రభుత్వము 2022 డిసెంబరులో "రైట్ టు రిపేర్" అను పోర్టలును ప్రారంభించినది. ఉత్పత్తిదారుల మరమ్మతు వివరములను ప్రజలకు ఒకచోట అందించుట దాని ఉద్దేశము. అంతకు పూర్వమే, 2009లో, నెదర్లాండ్స్ లోని ఆమ్‌స్టర్‌డాం నగరమున మార్టీన్ పోస్ట్‌మా అను ఆమె "రిపేర్ కెఫే"ను ఆరంభించెను. అచటికి వచ్చినవారు చెడిన వస్తువును ఇచ్చి వెళ్లిపోరు. పని తెలిసినవారి ప్రక్కన కూర్చుండి, వారితో కలిసి బాగుచేసికొందురు. తరువాత అట్టి కూటములు అనేక దేశములకు వ్యాపించినవి.

పారవేసిన వస్తువు మన కంటికి దూరమగునే కాని భూమిమీదనుండి తొలగిపోదు. 2022వ సంవత్సరములో ప్రపంచమంతటను 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగుపడెనని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక తెలుపుచున్నది. అందు నాలుగవ వంతుకంటె తక్కువ భాగము మాత్రమే సక్రమముగా సేకరింపబడి పునరుపయోగమునకు చేరినట్లు లెక్కలు కలవు. ఆ చెత్తలో రాగి, బంగారము వంటి విలువైన లోహములును, సీసము, పాదరసము వంటి విషములును కలిసియున్నవి. దానిని ఆరుబయట కాల్చి లోహములు ఏరుకొను పేదలు ఆ విషములను పీల్చుచున్నారు.

మరమ్మతు చేసినవాడు డబ్బు మిగుల్చుకొనును. తన యింటి వస్తువు ఎట్లు పనిచేయునో తెలిసికొనును. ఎవరో పీల్చవలసిన విషమును కొంత తగ్గించును. కావున ఏదేని వస్తువు ఆగిపోయినప్పుడు, "క్రొత్తది ఎక్కడ దొరకును?" అని అడుగుటకు ముందు, "దీనిలో ఏది చెడినది?" అని అడుగవలెను.