ఓడిన 112 ఆటలు, అద్దెకు తెచ్చిన గుర్రం

1952 బేస్‌బాల్ సీజన్‌లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు 42 ఆటలు గెలిచి, 112 ఓడింది. ఆ క్రీడ చరిత్రలోనే అతి పేలవమైన సీజన్లలో ఇదొకటి. జట్టు యజమాని జాన్ గాల్‌బ్రెత్ దాన్ని అమ్ముకోలేదు. 1946లో మరికొందరితో కలిసి ఆయన ఆ జట్టును కొన్నారు. గాయకుడు బింగ్ క్రాస్బీ కూడా అందులో ఒక వాటాదారు. 1950 నుంచి పగ్గాలు గాల్‌బ్రెత్ చేతికొచ్చాయి. ఆ తర్వాత రెండేళ్లకే ఈ 112 ఓటములు.

గాల్‌బ్రెత్ 1897లో ఒహాయో రాష్ట్రంలో డెర్బీ అనే ఊళ్లో పుట్టారు. ఆస్తి సంపాదించింది స్థిరాస్తి వ్యాపారంలో. అప్పట్లో అమెరికా కర్మాగారాలు కార్మికుల కోసం ఊళ్లకు ఊళ్లే కట్టేవి. ఆ ఇళ్ల నిర్వహణ కంపెనీలకు భారమైనప్పుడు ఆయన ఊరంతా టోకుగా కొని, మరమ్మతులు చేయించి, అందులో ఉంటున్న కార్మికులకే ఒక్కో ఇల్లూ అమ్మారు. తర్వాత ఆకాశహర్మ్యాలు వచ్చాయి: న్యూయార్క్‌లో సొకోనీ మొబిల్ భవనం, పిట్స్‌బర్గ్‌లో 64 అంతస్తుల యూఎస్ స్టీల్ భవనం.

ఆయనకు పందెపు గుర్రాలు కూడా ఉండేవి. ఆ లెక్క అర్థం కావాలంటే ముందు డెర్బీ పందెం నియమం తెలియాలి. ఇంగ్లండ్‌లోని ఎప్సమ్ డెర్బీ అయినా, అమెరికాలోని కెంటకీ డెర్బీ అయినా మూడేళ్ల వయసు గుర్రాలకే పోటీ. మన మలక్‌పేటలో జరిగే డెక్కన్ డెర్బీకి ఆ పేరొచ్చింది ఎప్సమ్ నుంచే. గుర్రానికి జీవితంలో ఒక్కటే అవకాశం. ఆ ఏడు కాలు బెణికినా, దగ్గు పట్టినా అంతే. అందుకే గాల్‌బ్రెత్ పరుగెత్తే గుర్రాల కంటే వంశం మీద ఎక్కువ పెట్టారు. 1955 కెంటకీ డెర్బీ విజేత స్వాప్స్‌ను గాల్‌బ్రెత్ దంపతులు రెండు విడతల్లో, మొత్తం 20 లక్షల డాలర్లకు కొన్నారు. దానికి 1960లో పుట్టిన షాటొగే 1963లో కెంటకీ డెర్బీ, బెల్మాంట్ స్టేక్స్ రెండూ గెలిచింది. 1967లో ఆయన మరో గుర్రం ప్రౌడ్ క్లారియన్, డాలరుకు 30 డాలర్ల ధర పలుకుతూ బరిలోకి దిగి, కెంటకీ డెర్బీ కొట్టేసింది.

ఇటలీ గుర్రం రీబో కథ ఇంకా పెద్దది. 16 పందేల్లో 16 గెలిచిన గుర్రం అది. 1959లో గాల్‌బ్రెత్ దాన్ని కొనలేదు, ఐదేళ్లకు అద్దెకు తెచ్చారు, 13.5 లక్షల డాలర్లకు. గడువు తీరేసరికి దాని కోపం భరించలేని స్థాయికి చేరింది. సముద్రం దాటించి వెనక్కి పంపడం కుదరక అద్దె పొడిగించారు. 1972లో చనిపోయేదాకా అది కెంటకీలోని ఆయన డార్బీ డాన్ ఫామ్‌లోనే ఉండిపోయింది.

ఇక జట్టు సంగతి. 1954 చివర్లో బ్రూక్లిన్ జట్టు తన దిగువ లీగ్‌లో ఆడిస్తున్న ఒక ప్యూర్టోరికో కుర్రాణ్ని పైరేట్స్ ఎత్తుకొచ్చింది. ధర 4,000 డాలర్లు. పేరు రాబర్టో క్లెమెంటే. 1960 ప్రపంచ సిరీస్‌లో న్యూయార్క్ యాంకీస్ ఏడు ఆటల్లో 55 పరుగులు చేసింది, పైరేట్స్ 27. అయినా కప్పు పైరేట్స్‌దే! ఓడిన మూడు ఆటల్లో 16-3, 10-0, 12-0తో చిత్తయినా, గెలవాల్సిన నాలుగూ గెలిచారు. చివరిది 10-9. ఆ తర్వాత 1971లో, 1979లో మరో రెండు కప్పులు.

గాల్‌బ్రెత్ తన ఆటగాడి పేరే ఒక గుర్రానికి పెట్టారు. ఆ రాబర్టో 1972 జూన్‌లో ఎప్సమ్‌లో 2.4 కిలోమీటర్లు పరుగెత్తి, తల పొడవు కూడా లేని తేడాతో గెలిచింది. కెంటకీ, ఎప్సమ్ డెర్బీలు రెండూ గెలిచిన తొలి యజమాని గాల్‌బ్రెత్. కానీ జనం చప్పట్లు కొట్టలేదు. భుజానికి దెబ్బ తగిలిన జాకీ బిల్ విలియమ్సన్‌ను చివర్లో తప్పించి లెస్టర్ పిగాట్‌ను ఎక్కించారని వాళ్ల కోపం. ఆ కోపం న్యాయమే. గెలిస్తే ఇద్దరికీ సమాన బహుమానమని గాల్‌బ్రెత్ ముందే చెప్పారన్న సంగతీ మరవకూడదు. ఆగస్టులో యార్క్‌లో, 15 పందేల్లో ఓటమి ఎరుగని బ్రిగేడియర్ జెరార్డ్‌ను కూడా రాబర్టో ఓడించింది. సెప్టెంబర్ 30న మనిషి రాబర్టో తన 3,000వ హిట్ కొట్టాడు. అదే అతని చివరి సీజన్. భూకంపం పాలైన నికరాగ్వాకు సాయం తీసుకెళ్తూ డిసెంబర్ 31న విమానం కూలి మరణించాడు.

ఇన్నేళ్ల ఓపికకు గాల్‌బ్రెత్ స్వభావమొక్కటే కారణమంటే సగం నిజమే అవుతుంది. అప్పటి నిబంధనల్లో ఆటగాడు తనంతట తాను జట్టు మారలేడు. క్లెమెంటే 18 సీజన్లూ పైరేట్స్‌కే ఆడాడు. 1975 డిసెంబర్‌లో ఒక మధ్యవర్తి తీర్పు ఆ సంకెళ్లు తెంచింది. అది ఆటగాళ్లకు ఎప్పుడో రావాల్సిన హక్కు. మూడేళ్లు తిరిగేసరికి పైరేట్స్‌లోనే డేవ్ పార్కర్ ఒప్పందం ఐదేళ్లకు 50 లక్షల డాలర్ల దాకా వెళ్లింది. వంశం చూసి పెంచి ఎదురుచూసే పద్ధతి గుర్రాలకు చెల్లింది, మనుషుల దగ్గర ఇక చెల్లలేదు. 1985లో గాల్‌బ్రెత్ కుటుంబం జట్టును అమ్మేసింది. 1988లో, 90 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

గుర్రాల లెక్క మాత్రం ఇంకా నడిచింది. గుర్రం రాబర్టోకు డైనాఫార్మర్ పుట్టింది. దాని తల్లి రీబోకు స్వయానా మనవరాలు. డైనాఫార్మర్ కొడుకు బార్బారో 2006 కెంటకీ డెర్బీని ఆరున్నర గుర్రాల దూరంతో గెలిచింది. అప్పటికి రీబోను అద్దెకు తెచ్చి 47 ఏళ్లు.